మబ్బుల్లో పెట్టొద్దన్న ఫొటో

కోటబొమ్మాళిలో మా కొట్టు రెండంతస్తులు. కింద మా ఆయన ఫ్లెక్సీలు వేస్తారు, పైన నేను వెబ్ పేజీలు చేస్తాను. కింద మిషను చప్పుడు, రంగు వాసన. పైన ఒక ఫ్యాను, ఒక కంప్యూటరు, ముక్కు మీద కోపంతో నేను. ఈ ఆఖరిది మా ఆయన మాట. పైకి వచ్చేవాళ్ళను ఆయన మెట్ల దగ్గర ఆపి, "కొంచెం మెల్లగా మాట్లాడండి, ఆవిడకి ఊరికే చిరాకు" అని చెప్పి మరీ పంపిస్తారని నాకు చాలాకాలం తెలియదు. తెలిశాక ఆయన చెప్పింది నిజమేనని రుజువు చేశాను.

మా వైపు వెబ్ పేజీ అంటే నూటికి తొంభై పెళ్ళి పేజీయే. శుభలేఖ అచ్చు వేయించినా సరే, దూరాన ఉన్నవాళ్ళకు ఫోన్లో ఒక లింకు పంపాలి. అది నొక్కితే సన్నాయి మోగాలి, మల్లెపూలు రాలాలి, పెళ్ళికొడుకూ పెళ్ళికూతురూ అద్దం వెనక నించున్నట్టు కనపడాలి. ఈ అద్దం పిచ్చి ఎవరు అంటించారో గానీ అందరికీ అదే కావాలి. వెనక బొమ్మ, దాని మీద పలచటి తెల్లడబ్బా, దాని మీద బంగారు అక్షరాలు. చూడ్డానికి బాగానే ఉంటుంది, చదవడానికే ఉండదు. ఎండలో నించుని ముహూర్తం ఎన్నింటికో చదవలేక, పేజీ అడుగున ఉన్న నా నంబరుకే ఫోన్ చేసి అడిగిన పెద్దవాళ్ళు ఉన్నారు. డబ్బా కాస్త చిక్కగా చేస్తానంటే పెళ్ళివారు ఒప్పుకోరు. నేను వాదిస్తాను. అప్పుడు కింద మిషను చప్పుడు ఆగుతుంది, మా ఆయన వింటున్నారన్నమాట.

పుస్తకాల్లో దీన్ని అపారదర్శకత అని రాస్తారు. మేము ఒపాసిటీ అంటాం. బొమ్మ ఎంత చిక్కగా ఉండాలో చెప్పే అంకె అది. ఒకటి దగ్గర పెడితే మనిషి నిండుగా ఉంటాడు, సున్నా దగ్గర పెడితే కనపడడు. మధ్యలో ఎక్కడ ఆపాలన్నదే మా పనంతా.

నేను పట్నంలో కోర్సు చేసినప్పుడు, ముఖాన్ని పలచన చేసి వెనకాల వేస్తే పేజీకి అందం వస్తుందని నేర్పారు. పెళ్ళై ఇక్కడికి వచ్చాక మా ఆయన మొట్టమొదట నాచేత మరిపించింది అదే. బతికున్న మనిషి ముఖాన్ని ఇక్కడ పలచన చెయ్యకూడదు. ఫ్లెక్సీ మీద పోయినవాళ్ళే అలా ఉంటారు. పైన మబ్బులుంటాయి, వెనకనుంచి వెలుగు వస్తుంటుంది, ఆ వెలుగులో సగం కరిగినట్టు వాళ్ళ ముఖం ఉంటుంది. ఇది ఎవరూ ఎక్కడా రాసి పెట్టలేదు. కానీ నౌపడ నుంచి శ్రీముఖలింగం దాకా ఎవరికీ విడమరిచి చెప్పక్కర్లేదు. బస్సు కిటికీలోంచి చూసి కూడా చెప్పేస్తారు, చిక్కటి ముఖమైతే పుట్టినరోజు, పలచటి ముఖమైతే పెద్దకార్యం. మాది మిషన్ చర్చి కుటుంబం. మా పుట్టింట్లో పోయినవాళ్ళ ఫొటోకు దండ ఉండదు, మబ్బూ ఉండదు, బతికున్నవాళ్ళ పక్కనే గోడ మీద ఉంటారు. అందుకని ఈ లెక్క నా తలకెక్కడానికి కొన్నాళ్ళు పట్టింది.

ఒక ఏడాది వరికోతలయ్యాక ఒకాయన వచ్చాడు. నౌపడ వైపు పల్లెటూరు, కొద్దిగా వరిపొలం ఉంది. మేనకోడలి పెళ్ళి. పిల్ల శ్రీకాకుళంలో ఆసుపత్రిలో నర్సు, పెళ్ళికొడుకుది టెక్కలి. ఫోన్లోంచి ఫొటోలు ఇచ్చి, ఎవరు ఎక్కడుండాలో ఓపిగ్గా చెప్పాడు. పిల్ల తండ్రి ఫొటో దగ్గరికొచ్చేసరికి గొంతు తగ్గించి, బావని పైన మబ్బుల్లో పెట్టమన్నాడు. ఇలాంటివి నెలకు నాలుగైనా చేస్తాను. మబ్బులు నా దగ్గర సిద్ధంగానే ఉంటాయి. పెట్టేసి, సరిచూసుకోమని లింకు పంపాను.

మర్నాడు ఉదయం ఒక ఆడమనిషి మెట్లెక్కి వచ్చింది. ఉప్పుమళ్ళలో పని చేసిన చేతులు, నుదుటి మీద పెద్ద బొట్టు. కూతురి ఫోను చేతిలో పట్టుకుని గుమ్మం దగ్గరే నిలబడి, పెళ్ళి పేజీలు చేసేది నువ్వేనా అని అడిగింది. అవునంటే లోపలికి వచ్చి ఫోను నా ముందు పెట్టి, మబ్బుల మీద వేలుంచింది.

"ఈయన్ని ఇక్కడ ఎవులు ఎట్టమన్నారు సెల్లీ?"

పిల్ల మేనమామేనని చెప్పాను. మా తమ్ముడా అంటూ ఆవిడ కుర్చీలో కూలబడింది.

"మా ఇంటాయన సచ్చిపోనాడని నీకు ఆడు సెప్పినాడేటి?"

ఆ నుదుటి బొట్టు ఇందాకే చూశాను, కానీ ఆ బొట్టునూ మబ్బులనూ కలిపి ఆలోచించలేదు. కింద మా ఆయనకు కేకేసి టీ తెప్పించమన్నాను. అది తాగుతూ ఆవిడే చెప్పింది. కూతురు హైస్కూల్లో ఉన్నప్పుడు భర్త ఊరివాళ్ళతో కలిసి చెన్నైకి భవనాల పనికి వెళ్ళాడు. ఒక ఆదివారం గదిలోంచి సబ్బు కొనుక్కొస్తానని బయటికి వెళ్ళాడు, తిరిగి రాలేదు. తోటివాళ్ళు వెతికారు, మేస్త్రీ వెతికాడు, తమ్ముడు వెళ్ళి అక్కడి పోలీసుల్ని అడిగాడు. ఆసుపత్రులన్నీ చూశాడు. మనిషి దొరకలేదు, పోయాడన్న కబురూ రాలేదు. ఆవిడ ఉప్పుమళ్ళలో పని చేసుకుంటూ పిల్లను నర్సింగు చదివించింది.

మా పనిలో ఒక చిక్కు ఉంది. పేజీలో ఒక వస్తువు కనపడకుండా చేయడానికి రెండు దారులున్నాయి. పూర్తిగా తీసేస్తే పక్కవి జరిగి ఆ చోటు నింపేస్తాయి. ఒపాసిటీ సున్నా చేస్తే వస్తువు కనపడదు కానీ దాని చోటు దానికే ఉంటుంది, ఇంకోటి అక్కడికి రాదు. పని నేర్చుకునేవాళ్ళు తెలియక రెండోది చేసి, పేజీలో ఈ ఖాళీ ఏమిటని జుట్టు పీక్కుంటారు. ఆవిడ మాటలు వింటుంటే నాకు ఆ ఖాళీయే కళ్ళ ముందు కనిపించింది. అన్నేళ్ళు దాన్ని ఇంట్లో పెట్టుకుని, దాని చుట్టూ తిరుగుతూ వంటావార్పూ చేసుకుందన్నమాట.

తర్వాత ఆవిడ అడిగింది వేరే. ఈ లింకు ఎంతదూరం పోతుంది? చెన్నై పోతుందా? ఒకరి ఫోన్లోంచి ఇంకొకరి ఫోన్లోకి పోతే మధ్యలో ఎక్కడైనా ఆగిపోతుందా? ఆగదని, ఎవరు పంపితే అక్కడికి పోతుందని చెప్పాను.

"అయితే ఆయన ముకం తేటగా ఎట్టు సెల్లీ. తేటగా ఉంటే ఎవులైనా పోల్చుతారు, నీ కూతురి పెళ్ళంట అని సెప్తారు. తెలిస్తే ఆగడు, వచ్చీస్తాడు. మబ్బుల్లో ఎట్టీస్తే సచ్చిపోనాడనుకుంటారు. సచ్చిపోనోడిని ఎవులు ఎతుకుతారు?"

నేను అక్కడికక్కడే ఆయన్ని మబ్బుల్లోంచి దించేదాన్నే. కానీ పని ఇచ్చింది తమ్ముడు. ఆయనకు చెప్పకుండా చేస్తే బాగుండదని ఫోన్ చేశాను. గంటలో బండి మీద వచ్చాడు. అక్కను చూడగానే ముఖం వాడిపోయింది. చెడ్డమనిషైతే నాలుగు దులిపి పంపేదాన్ని, కానీ అన్నేళ్ళూ ఆ ఇంటికి మగదిక్కు ఆయనే. పిల్ల చదువుకు తన పొలం పని మానుకుని తిరిగిన మనిషి. నేల చూపులు చూస్తూ నిజం చెప్పాడు. అంతకు ముందు వచ్చిన సంబంధాలవాళ్ళు, తండ్రి ఏమయ్యాడు, ఎవరితోనైనా లేచిపోయాడా అని గుచ్చి గుచ్చి అడిగి తప్పుకున్నారట. విసిగిపోయి ఈసారి టెక్కలి వాళ్ళకు బావ కాలం చేశాడని చెప్పేశాడు. ఇప్పుడు పేజీలో ఆయన నిండుగా కనపడితే, బతికున్న మనిషి పెళ్ళికెందుకు రాలేదని వాళ్ళు అడుగుతారు. అబద్ధం బయటపడితే సంబంధం పోతుంది.

అయినా అక్క మబ్బులు తియ్యమంది. తమ్ముడు మబ్బులు ఉంచమన్నాడు. ఇద్దరూ నా వైపు చూశారు, ఏదో నేను జడ్జినైనట్టు. ఆవిడ అడిగింది చేస్తే పిల్ల పెళ్ళి ఆగుతుంది, ఆయన అడిగింది చేస్తే ఆవిడ ఆశ మీద మట్టి కొట్టినట్టవుతుంది. నాకు ఇద్దరి మీదా జాలేసింది, ఆ జాలి చిరాకుగా బయటికొచ్చి, రేపటికి ఏదో ఒకటి చేస్తాను వెళ్ళండని పంపేశాను.

నా బుర్రకు తట్టిన ఉపాయానికి నన్ను నేనే మెచ్చుకున్నాను. రెండు వైపుల పెద్దలందరి ముఖాలూ ఒకే పలచదనంలో పెట్టేశాను. వెనక పచ్చటి వరిచేను, దాని మీద తాతలు, అమ్మమ్మలు, అత్తలు, మామలు, వాళ్ళలో ఈయన. అందరూ ఒకటే అయితే ఎవరున్నారో, ఎవరు పోయారో ఎవరికి తెలుస్తుంది? మబ్బులు కూడా తీసేశాను. పట్నంలో నేర్చుకున్న అందం ఇన్నాళ్ళకు అక్కరకొచ్చింది కదా అనుకుని, లింకు రెండు ఇళ్ళకూ పంపాను.

మధ్యాహ్నానికి టెక్కలి నుంచి పెళ్ళికొడుకు తల్లి ఫోను. ఆవిడ మామగారు, అంటే పెళ్ళికొడుకు తాత, మనవడి పెళ్ళి పేజీ చూద్దామని కళ్ళజోడు పెట్టుకుని మరీ కూర్చున్నాడట. తన ముఖం సగం కరిగిపోయి, దానిలోంచి వరికంకులు కనపడుతున్నాయట. నన్ను బతికుండగానే పంపించేశారని మంచమెక్కి గోడ వైపు తిరిగి పడుకున్నాడు, టీ కూడా ముట్టలేదు. అత్తలు, మామలు ఒక్కొక్కరే ఫోన్లు చేస్తున్నారు. మబ్బుల్లేవు కదండీ, ఇది స్టైలు అని నేను సర్దిచెప్పబోయాను. మబ్బుల్లేకపోతే మాత్రం పొలంలో తిరిగే దెయ్యాల్లా ఉన్నారని ఆవిడ అంది. కింద మిషను చప్పుడు ఆగింది. మా ఆయన నవ్వు ఆపుకోలేక దగ్గుతున్నారు.

తిట్టడం అయిపోయాక ఆవిడ ఇంకో మాట అడిగింది. "మా మావ బతికే ఉన్నాడు. అయినా ఇలాగే ఎట్టినావు. పిల్ల తండ్రిని కూడా ఇలాగే ఎట్టినావు. మరాయనో?"

ఆ మాట నేను చెప్పేది కాదని, పిల్ల తల్లినే అడగమని అన్నాను. ఆవిడ తెలివైన మనిషి. అయితే రేపు నేనే వస్తాను, పెద్ద తెర మీద చూసుకుని ఖాయం చేసుకుందాం, వాళ్ళను కూడా రమ్మను అంది. ఫోన్ పెట్టేసి తమ్ముడికి కబురు చేశాను. పేజీకి అందం తెద్దామని పోయి ఒక పిల్ల పెళ్ళి చెడగొట్టానని ఆ పూటంతా నన్ను నేనే తిట్టుకున్నాను.

మర్నాడు ముగ్గురూ వచ్చారు. ఇద్దరు తల్లులూ తెర ముందు పక్కపక్కనే కూర్చున్నారు. తమ్ముడు తలుపు దగ్గర నిలబడ్డాడు, బండి తాళం చేతిలో తిప్పుతూ. పెళ్ళికొడుకు తల్లి ముందుగా తన మామగారిని నిండుగా చేయించింది. అది చేస్తుండగానే పక్కకు తిరిగి సూటిగా అడిగేసింది. తమ్ముడు ఏదో చెప్పబోయాడు. అక్క అతన్ని చెప్పనివ్వలేదు.

"మా తమ్ముడు మీకు అబద్దం సెప్పినాడు వొదినా. పిల్ల మంచికే సెప్పినాడు. ఆయన ఎక్కడున్నాడో నాకు తెల్దు. ఉన్నాడో నేదో కూడా తెల్దు. సచ్చిపోనాడని మాత్రం నాకు ఎవులూ సెప్పనేదు."

పెళ్ళికొడుకు తల్లి తెర వైపు తిరిగింది. సంబంధం పోయిందనే అనుకున్నాను. నాకు తమ్ముడి మీద కోపం, ఆవిడంటే భయం, నా ఉపాయం మీద అసహ్యం, అన్నీ ఒకేసారి వచ్చాయి. ఆవిడ పిల్ల తండ్రి ఫొటో పెద్దది చెయ్యమంది. చేశాను. గళ్ళ చొక్కా, కొంచెం పక్కకు దువ్విన జుట్టు, ఫొటో తీస్తున్నవాడు ఏదో అన్నట్టున్నాడు, నవ్వు ఆపుకుంటున్న ముఖం.

"పిల్లకి ఆయన పోలికే వచ్చినాది" అంది. తర్వాత నాతో, "మా మావని తేటగా సేసినావు కదా, ఈయన్నీ సేసీ. వొదిన పక్కన ఎట్టు."

పిల్ల తల్లి చెంగు నోటికి అడ్డం పెట్టుకుంది. పెళ్ళికొడుకు తల్లి అప్పుడు లేచి తమ్ముడి వైపు తిరిగింది. ఆడపిల్ల మేనమామ అబద్ధమాడితే రేపు మా ఇంట్లో ఆ పిల్ల తలెత్తుకుని ఎలా తిరుగుతుందనుకున్నావని మొదలుపెట్టి, మెట్లు దిగి రోడ్డెక్కే దాకా ఆయన్ని వదల్లేదు. ఆయన తిట్లు తింటూనే కళ్ళు తుడుచుకున్నాడు. నాకు ఆవిడ కాళ్ళకు దండం పెట్టాలనిపించింది. మా ఇంట్లో ఆ అలవాటు లేదు కాబట్టి ఊరుకున్నాను.

పేజీ మళ్ళీ మొదటినుంచి చేశాను. అద్దాల్లేవు, పలచటి డబ్బాల్లేవు. ముఖాలన్నీ నిండుగా, ఆయన ఆవిడ పక్కన, కింద ఆయన పేరు ముందు కీ.శే. అన్న అక్షరాలు లేకుండా. పిల్ల ఆ లింకును తనతో చదివిన నర్సులందరికీ పంపింది. తమ్ముడు చెన్నైలో ఉన్న మేస్త్రీలకు, ఊరివాళ్ళకు, వాళ్ళు పనిచేసిన వీధిలో కొట్లవాళ్ళకు పంపాడు. అబద్ధం చెప్పిన మనిషే అందరికంటే ఎక్కువమందికి పంపాడు. పేజీని ఎక్కడెక్కడ ఎంతమంది తెరిచారో నాకు ఇక్కడ కనపడుతుంది. పిల్ల తల్లి ఫోన్ చేసి అడిగేది, "సెన్నైలో సూసినారేటి సెల్లీ?" అని. చూశారు అప్పా, అనేదాన్ని, అక్కను ఇక్కడ అలాగే పిలుస్తారు. నిజంగానే చూశారు.

పెళ్ళికి నేనూ మా ఆయనా వెళ్ళాం. తల్లి కొత్త జరీచీర కట్టుకుని, పసుపు కొట్టిన దగ్గర్నుంచి అన్ని పనులూ ముత్తైదువలతో కలిసి తనే చేసింది. ఎవరూ పక్కన ఉండమనలేదు. కానీ ఏ పని అయినా రెండు నిమిషాలకు మించి చెయ్యలేకపోయింది. కల్యాణమండపం గేటు దగ్గర ఆటో ఆగితే చాలు, తల అటు తిరిగేది. కన్యాదానానికి తమ్ముడూ ఆయన భార్యా కూర్చున్నారు. బాజాలు జోరందుకున్నప్పుడు కూడా ఆవిడ పందిట్లో లేదు, గేటు దగ్గరుంది. అప్పుడు పెళ్ళికొడుకు తల్లి తన పీట దగ్గర్నుంచి లేచి, అక్షింతలు గుప్పిట్లో పట్టుకునే గేటు దాకా నడిచి వచ్చి, ఆవిడ చెయ్యి పట్టుకుంది.

"వొదినా, ఇటు సూడు. తాళి కడతన్నాడు."

చెయ్యి వదలకుండా లోపలికి తీసుకొచ్చింది. తల్లి కూతురి మెడ వంక చూసింది, అక్షింతలు వేసింది, ఏడ్చింది. అందరు తల్లులూ ఏడుస్తారు కాబట్టి ఎవరూ వింతగా చూడలేదు.

పెళ్ళి పేజీలు నెలా రెండు నెలలు ఉంచి తీసేస్తాను. ఈ పేజీ తియ్యడానికి నాకు చెయ్యి రాలేదు. వానలు మొదలైన తర్వాత ఒక రోజు ఆవిడే వచ్చింది. పిల్ల ఎలా ఉందని అడిగితే బాగుంది, అత్తగారు పిల్ల చేత గరిటె కూడా పట్టించడం లేదని నవ్వింది. తడిసిన గొడుగు మూలకు ఆనించి, పేజీ ఉన్నాదా, తీసేశావా అని అడిగింది. ఉందని చెప్పి తెరిచాను. ఆవిడ కుర్చీ దగ్గరగా జరుపుకుంది.

"ఆయన్ని మబ్బుల్లో ఉన్నట్టు సేసీ సెల్లీ."

నేను మౌసు వదిలేశాను. ఆవిడ నా భుజం మీద చెయ్యి వేసింది, నన్నే ఓదారుస్తున్నట్టు.

"ఉంటే వచ్చీవోడు. కూతురి పెళ్ళని తెలిసి రాకుండా ఉండీ మనిసి కాదు. అందరూ సూసినారన్నావు కదా. రానేదు. ఇంక లేడు."

కళ్ళు మసకేసి తెర సరిగా ఆనలేదు. తుడుచుకుని, ఎప్పుడూ చేసే పనే కాబట్టి, అలవాటుగా అంకె కొట్టేశాను. గళ్ళ చొక్కా, నవ్వు, జుట్టు, అన్నీ ఒక్కసారే వెలిసిపోయాయి. ఆవిడ ఉలిక్కిపడి నా చెయ్యి పట్టుకుంది.

"ఒకేపాలి తీసీకు సెల్లీ. మెల్లగా."

అంకె చెరిపేసి ఆయన్ని మళ్ళీ నిండుగా చేశాను. పైకి జరపనా అప్పా, అని అడిగితే, వద్దు, నా పక్కనే ఉండనీ అంది. ఈసారి అంకె కొట్టలేదు. మౌసు పట్టుకుని, ఎంత మెల్లగా జరపగలనో అంత మెల్లగా జరిపాను. ఆవిడ తెర మీంచి చూపు తిప్పలేదు. సాలు అన్నప్పుడు ఆపేశాను.